అప్పా అని పిలిస్తే

మొన్న మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం, పార్కులో మా చిన్నాడు జారుడుబల్ల పైనుంచి "అప్పా!" అని గట్టిగా కేకేశాడు. వాడు పిలిచింది వాళ్ళ అక్కని. తల తిప్పి చూసినవాళ్ళు మాత్రం ముగ్గురు. ఉయ్యాల దగ్గర నిలబడ్డ కొరియా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుంటూ చూశాడు. బెంచీ మీద కూర్చున్న చెన్నై ఆయన సగం లేచాడు. మా అమ్మాయి చెట్టుకింద కబుర్లలో ఉండి, అక్కడినుంచే ఏంటన్నట్టు చెయ్యి ఊపింది. నాన్నలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. పిలిచింది తన బిడ్డ కాదని తెలిశాక కూడా చెన్నై ఆయన వెంటనే కూర్చోలేదు. ఇసుకలో ఆడుకుంటున్న కూతురి దాకా వెళ్ళి, చూసుకుని వచ్చి కూర్చున్నాడు.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, జాన్స్ క్రీక్‌లో. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువ. కాస్త దూరం వెళ్తే డులూత్, అక్కడ కొరియావాళ్ళు ఎక్కువ. బేకరీ మొదలు బ్యాంకు దాకా బోర్డుల మీద కొరియా అక్షరాలు కనిపిస్తాయి. అందుకే మా పార్కులో అమ్మా, ఒమ్మా, అప్పా అన్నీ కలిసిపోయి వినబడతాయి.

మాది విశాఖపట్నం. గోపాలపట్నంలో పెరిగాను. మా వైపు అక్కని అప్ప అంటారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం, ఎటు వెళ్ళినా ఈ మాట వినబడుతుంది. సొంత అక్కే కానక్కర్లేదు. బస్సులో కాస్త జరగమనాలన్నా, రైతుబజారులో బేరమాడాలన్నా, కుళాయి దగ్గర బిందె తియ్యమనాలన్నా, మనకంటే నాలుగేళ్ళు పెద్దదిగా కనిపించిన మనిషిని 'అప్పా' అంటే చాలు, చుట్టరికం కలిసిపోతుంది.

చిన్నాడు పుట్టినప్పుడు మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. పొద్దున్నే వాడికి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, స్కూలుకి తయారవుతున్న పెద్దదాన్ని చూపిస్తూ "అదిగో మీ అప్ప, అప్ప ఎల్లిపోతంది, టాటా చెప్పు" అనేది. రోజూ అదే పాట. అమ్మ వెళ్ళిపోయాక కూడా వీడియో కాల్‌లో అదే మాట. ఏడాది నిండకముందే వాడి నోట మొదటి మాట 'అప్ప' అని వచ్చింది. అమ్మ కాదు, నాన్న కాదు. ఆ రోజు ఫోన్‌లో అమ్మ ఏడ్చేసింది.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు అప్పట్లో ఇష్టం లేదు. దానికి కారణం ఉంది. ఇంటర్ అయ్యాక చదువుకి హైదరాబాద్ వెళ్ళాను. హాస్టల్లో చేరిన మొదటి వారం, మా పెదనాన్న కూతురు ఫోన్ చేస్తే "అప్పా, ఎలాగున్నావు?" అన్నాను. గదిలో అందరూ ఒక్కసారి నవ్వారు. "మీ నాన్నతోనా?" అందొకమ్మాయి. "అది తమిళం కదా?" అంది ఇంకొకరు. నాకు చెవులు వేడెక్కాయి. మళ్ళీ ఫోన్ వచ్చినప్పుడు 'అక్కా' అన్నాను. అవతల ఆమె ఒక క్షణం ఆగి, "ఏటే, పరాయిదాన్నయిపోయానా?" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అయినా నేను మళ్ళీ అప్ప అనలేదు. అక్క దగ్గరే ఆగిపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి తట్టింది. ఆ హాస్టల్లోనే వంటింటి పెత్తనమంతా చూసే పెద్దావిడని మేమందరం 'ఆపా' అనేవాళ్ళం. ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆ మాట టర్కిష్ లాంటి తురుష్క భాషల నుంచి వచ్చింది. ఆవిణ్ణి ఆపా అని పిలిచి రెండో చపాతీ వేయించుకున్న నోళ్ళే నా అప్పని విని నవ్వాయి. నేనూ ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

నాలో ఈ సంగతంతా కదిలింది మా అమ్మాయి తెలుగు నోట్‌బుక్ వల్ల. దానికి పదకొండేళ్ళు. వారానికి ఒకరోజు తెలుగు క్లాసుకి వెళ్తుంది. 'మా కుటుంబం' అని పది వాక్యాలు రాయమంటే, "మా తమ్ముడు నన్ను అప్ప అని పిలుస్తాడు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. టీచరుగారు ఎర్ర పెన్నుతో అప్ప కొట్టేసి, పైన అక్క అని రాశారు. ఆవిడ మంచావిడ, జీతం లేకుండా శ్రద్ధగా చెప్తారు. నోట్‌బుక్ చూసి నేనూ ఏమీ అనలేదు. రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి అడిగింది, "అయితే అమ్మా, అమ్మమ్మకి తెలుగు సరిగ్గా రాదా?"

ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

మా అమ్మకి వచ్చినంత తెలుగు నాకు రాదు. సామెత లేకుండా ఆమె రెండు వాక్యాలు మాట్లాడదు. ఏ చేపకి ఏ పేరో, ఏ గాలికి ఏ పేరో, ఏ వావికి ఏ పిలుపో ఆమెకి తెలుసు. ఆమె మనవరాలు పదకొండేళ్ళ వయసులో, ఒక్క ఎర్రగీత చూసి, అమ్మమ్మ భాష తప్పేమోనని అడుగుతోంది. హాస్టల్ గదిలో నేను మాట మింగినరోజు మొదలైనదే ఇలా తిరిగొచ్చిందనిపించింది.

తర్వాతి వారం నేను టీచరుగారితో మాట్లాడాను. గొడవ పెట్టుకోలేదు. "మనం అప్పచెల్లెళ్ళు అంటాం కదండీ, అందులో అప్ప ఎవరు?" అని అడిగాను, అంతే. ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, "నిజమే సుమండీ" అన్నారు. ఆ తర్వాతి క్లాసులో పిల్లలందరినీ 'మీ ఇంట్లో అక్కని ఏమంటారు, అమ్మ చెల్లెల్ని ఏమంటారు' అని అడిగి బోర్డు మీద రాయించారట. పిన్ని, చిన్నమ్మ, చిన్మ, పిన్నమ్మ... బోర్డు నిండిపోయిందని మా అమ్మాయి వచ్చి చెప్పింది.

ఇదంతా అయ్యేసరికి స్కూల్లో కూడా ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో వాడే ఒక మాట తీసుకుని, అది ఎక్కడినుంచి వచ్చింది, ఇంకా ఏయే భాషల్లో అలాంటి మాట ఉంది అని చార్టు చెయ్యాలి. చాలామంది పిల్లలు తిండి పేర్లు ఎంచుకున్నారు. మా అమ్మాయి 'అప్ప' ఎంచుకుంది.

ఆ చార్టు కోసం మేమిద్దరం నెలరోజులు తిరిగిన ఇళ్ళు, అడిగిన మనుషులు చెప్తే పెద్ద కథ అవుతుంది. మొదట వెళ్ళింది ఎదురింటి కొరియా వాళ్ళ దగ్గరికే. వాళ్ళ అబ్బాయిదీ మా చిన్నాడిదీ ఒకటే క్లాసు. మావాడు మా అమ్మాయిని అప్పా అప్పా అంటుంటే, అదే ఆ పిల్ల పేరనుకున్నాడు ఆ అబ్బాయి. వాడూ అప్పా అనే పిలవడం మొదలుపెట్టాడు. ఒకరోజు వాళ్ళ నాయనమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తే, రెండు జడల ఆడపిల్ల వెంట మనవడు 'నాన్నా, నాన్నా' అంటూ పరిగెడుతున్నాడు! ఆవిడ చేతిలో గరిటెతోనే బయటికొచ్చేసింది. కొరియా భాషలో అప్పా అంటే నాన్న. ఇంట్లో చనువుగా పిలిచే పిలుపు అది. నలుగురిలో మర్యాదగా చెప్పాలంటే 'అబొజి' అంటారు. అమ్మాయి తన అన్నని పిలవాలంటే 'ఒప్పా'. కొరియా పాటల పిచ్చి ఉన్న మన పిల్లలకి ఈ ఒప్పా ఎలాగూ తెలుసు. మగపిల్లాడు అక్కని పిలవాలంటే 'నూనా'. ఆ నాయనమ్మ ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్తుంటే కోడలు ఇంగ్లీషులో చెప్పింది. పిలిచేవాళ్ళు ఆడా మగా అన్నదాన్ని బట్టి మాట మారుతుందని విని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. చివర్లో ఆవిడ మా అమ్మాయి తలమీద చెయ్యేసి, మనవడితో "నూనా, నూనా" అని రెండుసార్లు అనిపించింది. వాడు ఇప్పటికీ అప్పా అనే అంటాడు.

నేను పనిచేసేచోట ఉజ్బెకిస్తాన్ ఆవిడ ఒకరున్నారు. టీ టైములో ఈ కబురు చెప్తే, "మాకు ఒపా అంటే అక్క" అన్నారు. ఉజ్బెక్‌లో ఒపా అక్క, కొరియాలో ఒప్పా అన్న. మా హాస్టల్ ఆపా, బంగ్లాదేశ్ వాళ్ళు గౌరవంగా అనే ఆపా ఈ ఒపాకి చుట్టాలే. తురుష్క భాషలు మాట్లాడేవాళ్ళు ఢిల్లీ దాకా వచ్చి రాజ్యాలేలారు, వాళ్ళ వెంట మాటలూ వచ్చాయి. మా రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి ఒడియా పిల్లలు వాళ్ళక్కని 'అపా' అనేవాళ్ళు. వాల్తేరు డివిజన్ 2003 దాకా కలకత్తా కేంద్రంగా ఉన్న రైల్వేలో ఉండేది కాబట్టి మా వీధిలో ఒడియావాళ్ళు, బెంగాలీలు, తమిళులు అందరూ ఉండేవాళ్ళు. సాయంత్రం పూట అపా, అప్పా అని గోడకి అటూ ఇటూ ఒకేలా కేకలు. ఒడియా పిల్లలూ మేమూ పిలిచేది అక్కల్నే. తమిళుల పిల్లలు మాత్రం నాన్నని.

తమిళం, కన్నడం సంగతి వేరు. వాటిలో అప్ప అంటే తండ్రి. తమిళులకి పెదనాన్న పెరియప్పా, చిన్నాన్న చిత్తప్పా. కన్నడిగులకి దొడ్డప్ప, చిక్కప్ప. తిరుపతి వెంకన్నని కన్నడిగులు తిమ్మప్ప అంటారు. మరాఠీవాళ్ళు వినాయకుణ్ణి బప్పా అంటారు. మా ఆయనది హిందూపురం. ఆ ఊరు కన్నడ దేశానికి ఆనుకునే ఉంటుంది. మగవాళ్ళ పేర్ల చివర అప్ప ఉండడం అక్కడ మామూలు. ఆయన ముత్తాత పేరులోనూ ఉంది. అందుకే మొదట్లో మా ఆయనకి చిన్నాడి పిలుపు విచిత్రంగా ఉండేది. "ఆడపిల్లని అప్ప అంటాడేమే? మా ముత్తాతని పిలిచినట్టుంది" అనేవారు. ఆయన కూర్చోబెట్టుకుని అక్క అని నేర్పేవారు. అమ్మ ఫోన్‌లో అప్ప అనేది. చివరికి వాడి నోరు దేన్ని పట్టుకుందో మీకు తెలుసు.

వాడి నోరు అప్పనే ఎందుకు పట్టుకుందో తెలుసుకోవడం నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన భాగం. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ రోమన్ యాకబ్‌సన్ అనే భాషాశాస్త్రవేత్త 1960లో అమ్మానాన్నల పిలుపుల మీద ఒక వ్యాసం రాశాడు. ప్రపంచంలో ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని భాషల్లో కూడా ఈ పిలుపులు ఇంత దగ్గరగా ఎందుకున్నాయి అన్నది ప్రశ్న. జార్జ్ మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త అప్పటికే రకరకాల భాషల నుంచి 1072 మాటలు పోగేసి పెట్టాడు. అమ్మకి 531, నాన్నకి 541. అమ్మ మాటల్లో 55 శాతం మ, న లాంటి ముక్కుతో పలికే అక్షరాలతో ఉన్నాయి. నాన్న మాటల్లో అలాంటివి 15 శాతమే. (మన 'నాన్న' ఆ కొద్దిమందిలోది. అది తెలిసి మా ఆయన మురిసిపోయారు.) యాకబ్‌సన్ చెప్పింది ఇది: పాలు తాగేటప్పుడు బిడ్డ నోరు రొమ్ముకి ఆని ఉంటుంది, గాలి ముక్కులోంచే ఆడాలి. అప్పుడు వచ్చే సన్నటి మూలుగు 'మ్'. తర్వాత ఆకలేసినా, ఎత్తుకోమన్నా బిడ్డ అదే మూలుగు తీస్తుంది. ఆ శబ్దం తననే పిలుస్తోందని తల్లి అనుకుంటుంది. అలా అది ఆమె పేరైపోతుంది.

ఇక పెదాలు కలిపి విడిస్తే ప, బ. నోరు తెరిస్తే అ. చంటిబిడ్డకి ఇంతకంటే సులువైన అక్షరాలు లేవు. క పలకాలంటే నాలుక వెనకభాగం లేచి అంగిలిని తాకాలి. ఆ పని పిల్లలకి ఆలస్యంగా వస్తుంది. అందుకే చాలామంది పిల్లలు మొదట్లో అక్కని 'అత్త' అంటారు. ఇదంతా నేను ఫోన్‌లో అమ్మకి వివరంగా చెప్తే, "అది చెప్పడానికి ఏ శాస్త్రవేత్తో కావాలేటి? అప్ప అనడం బిడ్డకి సుళువు. అందుకే కదా నాను అప్పే నేర్పినాను" అంది.

అయితే పెదాల మీది శబ్దం ఒకటే అయినా, దాన్ని ఎవరికి అంటగట్టాలన్నది పెద్దవాళ్ళు తీసుకునే నిర్ణయం. ఈ ముక్క మా అమ్మాయికి ఎలా అర్థమైందంటే, మేముండే రాష్ట్రం పేరు జార్జియా. కాకసస్ పర్వతాల దగ్గర అదే పేరుతో ఒక దేశం ఉంది. 'జార్జియాలో నాన్నని ఏమంటారు' అని వెతుకుతుంటే ఆ దేశం వచ్చింది. ఆ భాషలో 'మామా' అంటే నాన్న! అమ్మ అంటే 'దేదా'. ఆస్ట్రేలియాలో పిట్జన్‌జట్‌జర అనే ఆదివాసీ భాషలో కూడా మామా అంటే నాన్నే. మా అమ్మాయి చైనా స్నేహితురాలికి మామా అంటే అమ్మ. మనకి మామ అంటే అమ్మ అన్నో తమ్ముడో, పెళ్ళయ్యాక మొగుడి తండ్రి. రెండిటికీ ఒకే మాట ఎందుకని మా అమ్మాయి అడిగింది. మేనరికాల గురించి చెప్పాల్సి వచ్చింది. ఆ సాయంత్రం అది చాలాసేపు మౌనంగా కూర్చుంది. ఆ తర్వాత "అయితే మామ అంటే ముందే చుట్టం, తర్వాత ఇంకా దగ్గరి చుట్టం" అంది. నేనింత బాగా చెప్పలేకపోయేదాన్ని.

హంగేరీవాళ్ళకి 'అపా' నాన్న. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మా వీధిలో ఉంది, వాళ్ళకి 'అబ్బా' నాన్న. ఏసు కాలంలో ఆ నేల మీద మాట్లాడిన అరమాయిక్ మాట అది. తెలుగు బైబిల్లో రోమా పత్రికలో 'అబ్బా తండ్రీ' అని అలాగే ఉంచేశారు. ఆ 'అబ్బా' అన్న మాటే గ్రీకు, లాటిన్ మీదుగా నడిచి ఇంగ్లీషులో మఠాధిపతిని పిలిచే 'ఆబట్' అయింది. మనకేమో కాలికి దెబ్బ తగిలితే వచ్చే కేక అబ్బా. రాయలసీమలో తాత కూడా అబ్బే. మా ఆయన వాళ్ళ తాతని అబ్బ అనే పిలిచేవారు. అమ్మా అని ఏడవడం ఎంత సహజమో అబ్బా అని మూలగడమూ అంతే. నొప్పిలో మనిషి తల్లినో తండ్రినో పిలుస్తాడు.

వీటన్నిటినీ ఒకే తాడుకి కట్టేసే వాట్సాప్ మెసేజీలు మీకూ వచ్చే ఉంటాయి. కొరియా భాష తమిళం నుంచి పుట్టిందనీ, అమ్మ అప్ప రెండూ సాక్ష్యమనీ. ఇది కొత్తది కాదు. 1905లోనే హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ కొరియాలో ఉండి, ఆ భాషకీ ద్రావిడ భాషలకీ పోలికలు చూపిస్తూ పుస్తకం రాశాడు. భాషాశాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. మా అమ్మాయితో కూర్చుని దీన్ని విడదీయడానికి ఒక శనివారం మొత్తం పట్టింది. తమిళ అప్పా, కన్నడ అప్ప, మన అప్ప ఒక తల్లి పిల్లలు. బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఇవన్నీ ఒకేచోట ఉంటాయి. హైదరాబాద్ ఆపా, ఇంగ్లీషు ఆబట్ నడిచి వచ్చినవి. వాటి దారి గుర్తుపట్టగలం. కొరియా అప్పా, హంగేరీ అపా మాత్రం మనకి చుట్టాలూ కావు, ప్రయాణం చేసి వచ్చినవీ కావు. ఎక్కడి చంటిబిడ్డయినా అవే రెండు పెదాలు కదా. చార్టు మీద మా అమ్మాయి మూడు రంగులు వాడింది. బిడ్డల నోట్లోంచి వచ్చినవాటికి పసుపు వేసింది. ఎందుకంటే చిన్నాడికి ఆ రంగు ఇష్టం.

జూన్‌లో సెలవులకి విశాఖ వెళ్ళాం. రెండోరోజే చిన్నాడు బజారు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అమ్మతో చేపల కోసం వెళ్ళాడట. "అమ్మా! ఇక్కడ అందరికీ అప్ప తెలుసు!" అన్నాడు, కళ్ళు పెద్దవి చేసి. ఆరేళ్ళుగా ఆ మాట వాడికి మా ఇంటి నాలుగు గోడల మధ్య మాట. దాని అర్థం ప్రతిసారీ ఎవరికో ఒకరికి చెప్పుకోవాల్సిన మాట. ఇక్కడ చేపలమ్మే ఆవిడ పక్కావిడని అప్పా అంది, ఆటో అతను అన్నాడు, కొత్తిమీర కొనే ఆవిడ అంది. ఎవరూ ఎవరికీ అర్థం చెప్పలేదు. వాడు ఆ రోజంతా వీధి గుమ్మంలో కూర్చుని ఎన్నిసార్లు వినబడిందో లెక్కపెట్టాడు.

అమ్మ మమ్మల్ని సింహాచలం తీసుకెళ్ళింది. కొండ మీద స్వామి వరాహ నరసింహుడు. మా వైపువాళ్ళకి ఆయన సింహాద్రి అప్పన్న. ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం చూపించేది అక్షయ తృతీయ ఒక్కరోజే. 11వ శతాబ్దం చివర కులోత్తుంగ చోళుడి కాలం నాటి శాసనం ఈ గుడిలో ఉంది. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి దర్శనం చేసుకున్నాడు. అవన్నీ పిల్లలకి చెప్పాను గానీ, వాళ్ళ చెవులు క్యూలో జనం మీదున్నాయి. "అప్పన్నా, తండ్రీ!" అని ఒకావిడ ఏడుస్తూ చేతులెత్తింది. చిన్నాడు అమ్మ చీర కొంగు లాగి, "అమ్మమ్మా, దేవుడు అక్కా?" అని అడిగాడు.

"అప్ప అంటే తండ్రి, అన్న అంటే అన్న. రెండూ ఆయనే నాయనా" అంది అమ్మ.

"కానీ అప్ప అంటే అక్క కదా?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "అదీ ఆయనే. మనకి పెద్దదిక్కు ఎవరైతే వాళ్ళే అప్ప" అంది.

నేనిన్నాళ్ళు నిఘంటువుల్లో వెతికిన దానికి ఇంతకంటే మంచి అర్థం దొరకలేదు. మా వీధిలో సగం మంది పేర్లలో ఆయనే ఉన్నాడు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పయ్యమ్మ. మా నాన్న పేరులోనూ ఉన్నాడు. పిల్లలు తాతగారి పేరు అప్పటిదాకా ఒక పొడుగాటి పేరుగానే విన్నారు. అందులో తమకి తెలిసిన మాట ఉందని ఆ రోజే చూశారు.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కొండకి మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక మీదుగా సముద్రం పక్కకి వచ్చి, ఊరంతా చుట్టి, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి దాటి మా గోపాలపట్నం చేరేసరికి నడిచినవాళ్ళ కాళ్ళు మొద్దుబారిపోయి ఉంటాయి. చాలామందికి చెప్పులుండవు. మా వీధివాళ్ళు ఏటా రోడ్డు పక్కన మజ్జిగ పోస్తారు. పెద్ద డ్రమ్ములో మజ్జిగ కలిపి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి, గ్లాసుల్లో పోసి అందించాలి. చిన్నాడికి ఆ పని అప్పజెప్పారు. మా అమ్మాయి గరిటెతో పోస్తుంటే వాడు అందిస్తున్నాడు. మొదటి గంట సిగ్గుపడ్డాడు. తర్వాత "మజ్జిగ, మజ్జిగ" అని వాడే అరవడం మొదలుపెట్టాడు.

రాత్రి తొమ్మిది దాటాక ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది, పాదాలకి రోడ్డు తారు అంటుకుంది. గ్లాసు తీసుకుని గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, వాడి గడ్డం పట్టుకుంది.

"చల్లగుండు నాయనా. ఒక్కడివే పోస్తన్నావేటి? మీ అప్పేది?"

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వాడు వెనక్కి తిరిగి డ్రమ్ము దగ్గర ఉన్న పిల్లని చూపించాడు. "అదిగో, మా అప్ప."

"ఇద్దరూ చల్లగుండండి" అని ఆవిడ కుంటుకుంటూ జనంలో కలిసిపోయింది. నేను గ్లాసులు కడుగుతూ పక్కనే ఉన్నాను. వాడికి ఆ మాట నేను చెప్పివ్వక్కర్లేకపోయింది. ఆవిడెవరో, ఏ ఊరో. వాడి జీవితంలో మళ్ళీ కనబడదు. వాడి సొంత మాటతో, వాడి సొంత మనిషి గురించి అడిగి వెళ్ళింది.

ఆ రాత్రి నిద్రపట్టక డాబా మీద కూర్చున్నాం. కింద రోడ్డు మీద జనం ఇంకా నడుస్తూనే ఉన్నారు. గోవింద నామాలు వినబడుతున్నాయి. మా అమ్మాయి అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. మా పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ళ అక్క, పోయి నాలుగేళ్ళయింది. అమ్మ ప్రతి ఏడూ ఆమెతోనే ఈ ప్రదక్షిణ చేసేది. ఆమె పోయాక మళ్ళీ నడవలేదు, మజ్జిగ దగ్గరే ఉండిపోతోంది.

"అమ్మమ్మా, మీ అక్కని నువ్వు ఏమని పిలిచేదానివి?" అడిగింది మా అమ్మాయి.

"అప్పా అనే."

"ఎలా? ఒకసారి పిలువు."

అమ్మ నవ్వింది. వద్దులే అంది. ఇది వదల్లేదు. అప్పుడు అమ్మ రోడ్డు వైపు తిరిగి, జనంలో ముందెక్కడో నడుస్తున్న మనిషిని ఆగమన్నట్టు, సాగదీసి పిలిచింది.

"అప్పా...!"

ఒళ్ళోంచి మా అమ్మాయి "ఆఁ" అంది.